పాళెం

నెల్లూరు నుండి తూర్పుగా సముద్రం వైపు సాగే ఏ దారి పట్టినా, వరిపొలాలు ముగిసి రొయ్యల చెరువులు మొదలయ్యే చోట ఊళ్ళ పేర్ల తీరు మారిపోవడం బాటసారి దృష్టికి వస్తుంది. పొలాల నడుమ ఉన్నంతసేపూ కోవూరు, అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు అంటూ 'ఊరు'తో ముగిసే పేర్లు వరుసగా ఎదురవుతాయి. సరుగుడు తోటలు కనబడి, గాలిలో ఉప్పువాసన తగలగానే కొత్తపాళెం, పెద్దపాళెం, పట్టపుపాళెం అనే పేర్లు మొదలవుతాయి. ఒక్కొక్క ఊరికి అనుబంధంగా తీరాన ఒక్కొక్క పాళెం. పొలం మీద బతికేవారిది ఊరు, అల మీద బతికేవారిది పాళెం. ఎవరూ గీయని సరిహద్దు అది. అయినా ఆ తీరంలో దానిని ఎరుగనివారు లేరు.

అటువంటి పాళెం ఒకదాని నుండి నెల్లూరు వచ్చి ఇంటర్మీడియట్ చదువుకుంటున్న ఒక బాలిక, తన చిరునామా రాయవలసి వచ్చిన ప్రతిచోటా మండలం పేరుతో సరిపెట్టేది. గ్రామం అన్న గడిని ఖాళీగా వదిలేది. అడిగితే మండల కేంద్రం పేరే చెప్పేది. వసతిగృహంలో చేరిన మొదటివారంలోనే 'పాళెం పిల్ల' అన్న మాట ఆమె చెవిన పడింది. అన్నవారికి ఆ మాటలో ద్వేషం లేకపోవచ్చు. విన్న ఆమెకు మాత్రం అందులో చేపల బుట్ట వాసన, తాటాకు గుడిసె, చదువురాని తాతముత్తాతలు అందరూ ఒక్కసారిగా కనబడ్డారు. తెలుగు తరగతిలో ఎవరి ఊరి పేరుకు అర్థం వారు తెలుసుకొని రావాలని చెప్పినప్పుడు, తక్కినవారికి అది వినోదం. ఆమెకు అది చిక్కు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె ఆ ప్రశ్న తన అవ్వను అడిగింది. వల బాగుచేస్తున్న ఆ వృద్ధురాలు చేతిలోని నూలు దించకుండానే, "ఏందిమే, ఆ మాత్రం తెలీదా? పాళెమంటే దిగిన చోటు. పడవ దిగిన కాడ మనోళ్ళు దిగినారు" అంది. ఆ జవాబు మనుమరాలికి తృప్తినివ్వలేదు. తిరిగి వచ్చి గ్రంథాలయంలో నిఘంటువు తెరిచి చూస్తే, పాళెము అంటే సైన్యము విడిసిన చోటు, శిబిరము అని ఉంది. సైన్యానికీ వలలకూ ఏమి సంబంధం? ఏనుగులూ గుర్రాలూ డేరాలూ ఎక్కడ, తెప్పలూ తెరచాపలూ ఎక్కడ?

ఆమె సందేహం సహేతుకమైనదే. దానికి సమాధానం చెప్పాలంటే ఈ మాట నడిచి వచ్చిన దారి వెంట కొంత దూరం వెనక్కు నడవాలి.

సైన్యాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవలేదు. సేన, దళం, బలం, వాహిని మొదలైనవి సంస్కృతం నుండి వచ్చాయి. జనం నోట నలిగిన మాట దండు. అర్థశాస్త్రం చెప్పిన రాజ్యాంగాలు ఏడింటిలో సైన్యానికి దండమనే పేరు. తెలుగు దండు దాని వారసురాలు. దండు ఎత్తితే దండెత్తడం, దండును నడిపితే దండనాయకుడు. మిడతలు గుంపుగా వచ్చి పైరు తింటే మిడతల దండు. అయితే దండు అన్నది నడిచే సైన్యానికి పేరు. నడిచినది ఎక్కడో ఒకచోట ఆగాలి. వండుకొని తినాలి, గుర్రాలకు నీరు పెట్టాలి, గాయాలకు మందు వేసుకోవాలి. అట్లా ఆగిన దండుకు, ఆగిన చోటుకు కలిపి పెట్టిన పేరు పాళెం. తమిళంలో ఇదే మాట పాళయం, కన్నడంలో పాళెయ, పాళ్య. మూడు భాషలవారూ తమ తమ రాజుల వెంట ఒకే మాటను మోసుకొని తిరిగారన్నమాట.

సంస్కృతంలో దీనికి సమానమైన మాటలు శిబిరం, స్కంధావారం. భారతంలో ఉద్యోగపర్వం చివర, కురుపాండవ సేనలు రెండూ కురుక్షేత్రానికి చేరి విడిది చేసే ఘట్టం ఉంది. పాండవుల పక్షాన హిరణ్వతీ నది ఒడ్డున డేరాలు లేచాయి. వైద్యులూ శిల్పులూ కూడా సేనతోపాటు వచ్చారు. ఆహార ధాన్యాలు కొండలుగా పోశారు. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన నెల్లూరివాడు, మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రి. శిబిరం అంటే ఏమిటో పుస్తకాలలో చదివి తెలుసుకోవలసిన అవసరం ఆయనకు ఉండి ఉండదు. ఆయన వంశానికే చెందిన ఖడ్గతిక్కన సేనాపతిగా కత్తిపట్టి, పుల్లరి విషయమై కాటమరాజుతో వచ్చిన పోరులో కూలాడని కాటమరాజు కథ గానం చేసే గాయకులు నేటికీ చెబుతారు. ఒకే ఇంట ఒకరిది గంటం, ఒకరిది ఖడ్గం. పెన్నాతీరం దండులను చూసిన నేల.

ఇక్కడ లిపి విషయం ఒకటి చెప్పుకోవాలి. నెల్లూరు ప్రాంతంలో పాళెం అని 'ళ'కారంతో రాస్తారు. బుచ్చిరెడ్డిపాళెం ప్రసిద్ధమైన ఉదాహరణ. ఉత్తరంగా వెళ్ళేకొద్దీ ఆ అక్షరం తేలికపడి వేటపాలెం వంటి పేర్లలో 'ల'కారమైంది. 'ల'కారం చూసి, ఇది పాలు అంటే వాటా అన్న మాట నుండి పుట్టిందనీ, పాలేరుకూ పాలేనికీ చుట్టరికం ఉందనీ చెప్పేవారున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇరుగుపొరుగు భాషలలో ఈ మాట నేటికీ గట్టి 'ళ'కారంతోనే నిలిచి ఉంది. ఈ ఒక్క అక్షరాన్ని పలకడంలో నెల్లూరివారి నాలుక తక్కినవారికంటే నమ్మదగినది.

దండు దిగిన చోటు ఊరు ఎట్లా అవుతుంది? నేటి యుద్ధాలను బట్టి ఆలోచిస్తే ఇది అర్థం కాదు. ఆనాటి సైన్యం అంటే కదిలే పట్టణం. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల అధీనంలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించాడు. కోట లొంగడానికి సుమారు ఏడాదిన్నర పట్టింది. ఏడాదిన్నర కాలం ఒక మహాసైన్యం ఒక కొండ చుట్టూ కూర్చోవడమంటే ఏమిటి? అన్ని వేల మందికి ప్రతిపూటా అన్నం కావాలి. గుర్రాలకు లాడాలు కొట్టే కమ్మరి, జీనులు కుట్టే తోలుపనివాడు, బట్టలుతికే చాకలి, గడ్డి కోసుకొచ్చే కూలీలు, ఉప్పూ పప్పూ అమ్మే కోమటి, కాలక్షేపానికి కథ చెప్పే గాయకుడు అందరూ కావాలి. పదహారవ శతాబ్దిలో విజయనగరంలో ఉండిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్, రాయచూరు దండయాత్రనాటి రాయల శిబిరాన్ని వర్ణిస్తూ, అందులో వీధులున్నాయనీ, అంగళ్ళు తీర్చి ఉన్నాయనీ, రత్నాలు సైతం అక్కడ అమ్మకానికి దొరికేవనీ రాశాడు. యుద్ధం ముగిసి రాజు వెళ్ళిపోతాడు, డేరాలు వెళ్ళిపోతాయి. కాని బావి తవ్వుకున్నవాడు, గుడిసె వేసుకున్నవాడు, బిడ్డను కన్న తల్లి అందరూ వెళ్ళరు. మిగిలినవారి ఊరికి పాళెమన్న పేరే మిగులుతుంది.

మాటకు ఇటువంటి ప్రయాణం కొత్తది కాదు. రోమను సైన్యాలు బ్రిటన్ దీవిలో వేసుకున్న శిబిరాలకు లాటిన్ భాషలో కాస్ట్రా అని పేరు. అయిదవ శతాబ్ది ఆరంభంలో ఆ సైన్యాలు తిరిగి వెళ్ళిపోయాయి. మాట మాత్రం మాంచెస్టర్, వించెస్టర్, లాంకాస్టర్ అనే పేర్ల తోకలలో ఉండిపోయింది. ఒక విధంగా అవన్నీ ఇంగ్లండులోని పాళేలే. తురుష్క భాషలో ఉర్దూ అంటే సైనిక శిబిరం. మొగలుల శిబిరం చుట్టూ పెరిగిన పలుకు కాలక్రమంలో ఆ పేరునే తన పేరుగా చేసుకొని గజళ్ళ భాష అయింది. అదే మాట పడమటికి వెళ్ళి ఇంగ్లీషులో హోర్డ్ అయి, అనాగరిక గుంపు అన్న అర్థంలో స్థిరపడింది. ఒకే పుట్టుక గల మాట ఒకచోట కవిత్వమైంది, మరొకచోట తిట్టయింది. మాటల తలరాతలు మనుషుల తలరాతల కంటే విచిత్రమైనవి.

మన దగ్గరనే చూడవచ్చు. 1806లో హుస్సేన్ సాగర్‌కు ఆవల ఆంగ్లేయుల సైనిక స్థావరంగా ఏర్పడిన సికింద్రాబాదును పాతకాలపు జనం లష్కర్ అనే వ్యవహరించారు. పర్షియన్ భాషలో లష్కర్ అంటే సైన్యం. సైన్యంలో డోలీ మోసే ఒక వ్యక్తి ఉజ్జయినిలో మొక్కుకొని వచ్చి నెలకొల్పాడని ప్రతీతి గల మహంకాళి ఆలయంలో ఆషాఢమాసంలో జరిగే ఉత్సవానికి నేటికీ లష్కర్ బోనాలనే పేరు. బెంగళూరులో తెలుగువారు విస్తారంగా మసలే కంటోన్మెంటు ప్రాంతానికి కన్నడంలో దండు అని పేరు. రైల్వేస్టేషను పలక మీద కూడా ఆ మాటే కనబడుతుంది.

మళ్ళీ పాళేనికి వద్దాం. పాళేన్ని ఏలేవాడు పాళెగాడు. తమిళంలో పాళయక్కారర్, ఆంగ్లేయుల నోట పోలిగార్. విజయనగర రాజులు, వారి తరువాత నాయకరాజులు, సీమలను సైనిక నాయకులకు పంచి ఇచ్చేవారు. ఇంత భూమి అనుభవించు, ఇంత సైన్యాన్ని పోషించు, పిలిచినప్పుడు దండుతో రా అన్నది ఒడంబడిక. మధురలో విశ్వనాథనాయకుని కాలంలో, అరియనాథుని యోచనతో 72 పాళేలు ఏర్పడ్డాయని ప్రసిద్ధి. అందులో తెలుగు మాట్లాడే నాయకులు అనేకులు. పాంచాలంకురిచ్చిని పాలించి, 1799లో కయత్తారులో ఆంగ్లేయుల ఉరికొయ్యకు బలియైన వీరపాండ్య కట్టబొమ్మన పూర్వులు కూడా తెలుగు నేల నుండి వెళ్ళినవారే. నెల్లూరు సీమకు పడమట వెలుగోటివారి వెంకటగిరి, దక్షిణాన శ్రీకాళహస్తి, ఆపై కార్వేటినగరం ప్రాంతంలోని బొమ్మరాజుపాళెం పశ్చిమ పాళేలుగా కుంపిణీ పత్రాలకెక్కాయి. 1802లో వాటికి సన్నదులు ఇవ్వడంతో నిన్నటి పాళెగాళ్ళు జమీందారులయ్యారు.

పాళెగాని పని యుద్ధమొక్కటే కాదు. తన పరిధిలోని ఊళ్ళకు కావలి ఉండటం కూడా అతని బాధ్యత. అందుకు ఊళ్ళు అతనికి రుసుము చెల్లించేవి. దొంగతనం జరిగి సొమ్ము దొరకకపోతే ఆ నష్టం కావలివాడు భరించాలి. నెల్లూరు సీమ గ్రామాలలో ఈ కావలి పని చేసినవారిలో యానాదులు ఎక్కువ. తీరానికి సమీపంలో ఉన్న కావలి పట్టణానికి ఆ పేరు, ఉదయగిరి ప్రభువుల కాలంలో అక్కడ కావలి దళం ఉండటం వల్ల వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. దానికి దక్షిణంగా చాలా దూరాన కోట అనే పేరుతోనే ఒక ఊరున్నది. కావలి నుండి కోట దాకా సాగే ఈ తీరాన్ని కేవలం పేర్లను బట్టి చదివితే, ఎవరో ఒక సేనాపతి గీసుకున్న పటంలాగా ఉంటుంది.

1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చినప్పుడు అక్కడ 80 మంది పాళెగాళ్ళున్నట్లు చరిత్రకారులు పేర్కొంటారు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు అక్కడ పనిచేసి, వారి కోటలను వశపరచుకొని, వారి సైన్యాలను రద్దుచేసి, కొందరికి భరణాలు ఏర్పరిచాడు. భరణంతో బతకడానికి ఒప్పుకోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడి, 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కాడు. పాళెగాడన్న మాట బరువు అక్కడి నుండి తగ్గుముఖం పట్టింది. ప్రభుత్వ పత్రాలలో అతడు లొంగని పోకిరి. జనం పాటలలో వీరుడు. ఆ తరువాతి వాడుకలో, ఎవరి మాటా వినకుండా పెత్తనం చేసేవాడిని చూసి 'వీడొక పాళెగాడు' అనడం మిగిలింది. ఏ మాటకైనా అర్థాన్ని నిర్ణయించేది నిఘంటుకారుడొక్కడే కాదు. ఓడినవానికి పేరు పెట్టే హక్కు గెలిచినవాడు కూడా తీసుకుంటాడు.

సైన్యం రద్దయినప్పుడు సైనికులు ఏమవుతారు? కొందరు దున్నుకుంటారు, కొందరు దోచుకుంటారు. మరికొందరు కచ్చేరీలో చేరతారు. తెలుగు మాటలలో ఈ చివరి దారి చక్కగా భద్రపడింది. నేడు ఏ కార్యాలయంలోనైనా ఉద్యోగులందరినీ కలిపి సిబ్బంది అంటున్నాం. ఒకప్పుడు సిబ్బంది అంటే శిస్తు వసూలుకూ ఊళ్ళ అదుపుకూ పెట్టుకున్న తాత్కాలిక సైనికులు. కత్తి పోయింది, కలం వచ్చింది, పేరు మారలేదు. బంట్రోతు కథ ఇంకా సరదాగా ఉంటుంది. బంటు కాలిసైనికుడు, రౌతు గుర్రపు సైనికుడు. రెండూ కలిసిన బంట్రౌతు చివరికి కచ్చేరీ గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. అది గౌరవంగా లేదని ప్యూను అన్నారు. ఆ మాటకు మూలమైన పోర్చుగీసు పదానికి అర్థం కూడా కాలిసైనికుడే! చదరంగంలో ఒక్కొక్క గడి నడిచే బంటూ అతడే. చివరకు ఆఫీసు సబార్డినేటు అని మార్చాక గాని పాపం ఆ సైనికుడికి విశ్రాంతి దొరకలేదు.

వీటన్నిటిలో నెల్లూరువారికి అతి సన్నిహితమైన మాట లస్కరు. పెన్నా డెల్టాలో కాలువ మీద లాకులెత్తి దించేవాడు, తూములు చూసేవాడు, గండి పడితే ముందుగా తెలుసుకొని పరుగెత్తేవాడు లస్కరు. ఎండకారు పంటకు నీరు చివరి మడికి చేరుతుందా లేదా అన్నది ఇంజనీరు కాగితాల మీద ఎంత ఆధారపడుతుందో, అర్ధరాత్రి లాంతరు పట్టుకొని గట్టు వెంట నడిచిన లస్కరు మీద అంతకంతా ఆధారపడుతుంది. ఇతని పేరు కూడా సికింద్రాబాదు లష్కరుతో పుట్టినదే. లష్కర్ అంటే సైన్యం, లష్కరీ అంటే సైన్యానికి చెందినవాడు. పోర్చుగీసువారు ఆ మాటను తీసుకొని తమ కొలువులోని ఆసియా సైనికులకు పెట్టారు. తరువాత ఐరోపావారి ఓడలలో పనిచేసే భారతీయ నావికులు లస్కర్లయ్యారు. కుంపిణీ సైన్యంలో ఫిరంగులు లాగేవారూ, డేరాలు వేసేవారూ లస్కర్లయ్యారు. డేరాలు వేయడం అంటే పాళెం దించడమే గదా! ఆపై ఇంజనీర్లు ఆనకట్టలు కట్టి కాలువలు తవ్వించినప్పుడు, ఆ శ్రామికుల పేరు నీటిపారుదల శాఖలోకి నడిచి వచ్చింది. పర్షియా నుండి బయలుదేరిన ఒక సేన, దారిలో ఓడలెక్కి దిగి, ఫిరంగులు లాగి, చివరకు తూము పక్కన పార పట్టుకొని నిలబడింది. లస్కరు లేక తూములు ఎవరికి తోచినట్లు వారు ఎత్తుకున్నప్పుడు దిగువ రైతు పడే యాతన తెలిసినవారికి, ఆ పేరులో సైనికుడు ఉండటం ఏమాత్రం అసంబద్ధంగా తోచదు.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్న. తీరాన ఉన్న ప్రతి పాళెంలోనూ ఒకప్పుడు సైన్యం విడిసిందని చెప్పడం సాహసం. సముద్రం వైపు నుండి వచ్చే ప్రమాదాలను కాచడానికి రాజులు పెట్టిన కావలి శిబిరాలే ఇవన్నీ అని ఊహించి సంతోషపడేవారున్నారు. ఈ తీరం ఆయుధాలను ఎరుగనిదేమీ కాదు. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు దుగరాజపట్నంలో వర్తకశాల పెట్టుకొని, దానికి ఫిరంగులతో రక్షణ కల్పించుకున్నారు. తమకు మేలు చేసిన స్థానిక ప్రముఖుడు ఆర్ముగం మొదలియారు పేరుతో ఆ చోటును ఆర్మగాన్ అన్నారు. చెన్నపట్నం దొరకడంతో దానిని వదిలి వెళ్ళారు. కానీ ఫిరంగులున్న ఆ రేవుకు పాళెమన్న పేరు రాలేదు; ఫిరంగి మొగం చూడని బెస్తవాడలకు వచ్చింది. అందుచేత పేరు పెట్టినవారు సైన్యాన్ని తలచుకొని పెట్టారనడం కంటే, సైన్యం లాగా తాత్కాలికంగా దిగి, గుంపుగా ఉండి, అవసరమైతే కదలగలిగిన జనవాసాన్ని ఉద్దేశించి పెట్టారనడం యుక్తంగా ఉంటుంది. దండులోని గుర్రాలు పోయి, దిగడం అనే క్రియ మాత్రం మాటలో మిగిలింది. అంటే, నిఘంటువు చెప్పినదానికంటే అవ్వ చెప్పినదే ఈ తీరానికి సరిపోయే అర్థం.

పట్టపువారి జీవితం చూసినవారికి ఈ పేరులోని ఔచిత్యం మరికొంత బోధపడుతుంది. పట్టపు అన్న కులనామానికి పట్టణంతో, అంటే సముద్రపు రేవుతో, సంబంధం కనబడుతుంది. ఇంట్లో వారు తమిళానికి దగ్గరైన తమ సొంత పలుకు వాడుకుంటారు, బయట నెల్లూరు తెలుగు మాట్లాడతారు. కాబట్టి పాళెం అన్న మాట వారికి రెండువైపుల నుండీ తెలిసినదే. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకొని, సముద్రం కనబడేటట్లు వరుసలుగా ఉంటాయి. తీరం నుండి లాగే అలివి వల వేసిన రోజున పదుల మంది రెండు వరుసలుగా నిలిచి, ఒకే కేకకు ఒకే అడుగు వెనక్కు వేస్తూ తాడు లాగుతారు. ఆ కదలిక కవాతు కాదని ఎవరనగలరు? పెద్దలు కూర్చొని ఒక కట్టుబాటు విధిస్తే దానిని దురాయి అంటారు. ఒకప్పుడు దురాయి అంటే రాజు పేర విధించే ఆన. రాజులు పోయి శతాబ్దాలైనా ఆ మాట పాళెంలో ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది. ఫలానా దినాన ఎవరూ వేటకు పోరాదంటే, ఆ దినాన ఒక్క పడవ కదలదు.

శిబిరానికి దిగడం ఎంత సహజమో ఎత్తివేయడం అంత సహజం. ఈ తీరంలో పాళేలు ఎన్నిసార్లు లేచి దిగాయో లెక్కపెట్టడం కష్టం. 1927 నవంబరులో నెల్లూరు మీద తుపాను విరుచుకుపడింది. 1989 నవంబరులో వచ్చినది కావలి దగ్గర తీరం దాటింది. 2004 డిసెంబరు 26 నాటి ఉదయం సునామీ వచ్చింది. వాన లేదు, గాలి లేదు, హెచ్చరిక లేదు. తుపాను గుర్తులు ఆకాశంలో చదవగల వృద్ధులకు సైతం ఆ ఉదయం ఆకాశం ఏమీ చెప్పలేదు. పడవలు, వలలు, ఇంజన్లు కొట్టుకుపోయాయి. ఆ తరువాత అనేక పాళేలకు తీరానికి ఎడంగా పక్కా ఇళ్ళు లేచాయి. నదుల ముఖద్వారాల దగ్గర ఇసుక కోసుకుపోయి కదిలిన పాళేలు వేరు. మనుషులు కదిలించినవి వేరు. 1969లో శ్రీహరికోటను అంతరిక్ష కేంద్రానికి ఎంపికచేసిన తరువాత అక్కడి జనం దీవి విడిచి వెళ్ళారు. 1971లో తొలి రాకెట్టు లేచింది. 2008లో ప్రారంభమైన కృష్ణపట్నం ఓడరేవు, దాని చుట్టూ లేచిన విద్యుత్ కేంద్రాలు తీరపు రూపురేఖలనే మార్చివేశాయి. దేశానికి అవి అవసరమైనవే కావచ్చు. కాని, దిగినవారు లేచిపోతారులే అన్న భావం పాళెమన్న పేరులోనే దాగి ఉండటం, లేవగొట్టేవారికి కొంత వెసులుబాటు ఇచ్చిందేమో! ఊరిని ఖాళీ చేయించడానికి వందసార్లు ఆలోచించేవారు, పాళేన్ని ఖాళీ చేయించడానికి అన్నిసార్లు ఆలోచిస్తారా? నాలుగు తరాలు ఉన్న ఇంటికి పట్టా లేదన్న కుటుంబాలు తీరం పొడవునా కనబడటం గమనార్హం.

బాలిక అవ్వ తన జీవితకాలంలో రెండుసార్లు ఇల్లు మారింది. తొలిసారి ఒడ్డు కోసుకుపోయి నాలుగు వందల గజాలు వెనక్కు. రెండవసారి సునామీ తరువాత రోడ్డు పక్కకు. కొత్తగా కట్టిన ఇళ్ళ ముందు, కట్టించినవారి పేరుతో కాలనీ అని చలువరాతి పలక వేశారు. బస్సు కండక్టరు ఆ పేరు చెబుతాడు. ఓటర్ల జాబితాలోనూ అదే. పాళెంవారు మాత్రం దానిని కొత్తపాళెం అంటారు. పాత చోట ఇప్పుడు ఇళ్ళు లేవు. రెండు మొండిగోడలు, ఒక అమ్మవారి గుడి, పడవలు లాగిపెట్టే ఇసుక. దానికి పాతపాళెం అని పేరు. తెల్లవారుజామున మగవారు అక్కడికే వెళ్ళి పడవ దించుతారు. మధ్యాహ్నం ఆడవారు అక్కడే బుట్టలు దించుకొని పాట పాడతారు. అవ్వ కూడా పక్కా ఇంట్లో పడుకొని, తెల్లవారగానే నడిచి వచ్చి పాతపాళెంలో పడవ నీడన కూర్చుని వల అల్లుకుంటుంది. ఇల్లు అక్కడ, పాళెం ఇక్కడ అని ఆమె లెక్క.

బాలిక తన వ్యాసంలో నిఘంటువు అర్థం మొదట రాసి, దాని కింద అవ్వ చెప్పిన అర్థం రాసింది. రెండింటికీ మధ్య మాంచెస్టరూ ఉర్దూ కూడా వచ్చాయి. చదివి వినిపించినప్పుడు, బుచ్చిరెడ్డిపాళెం నుండి వచ్చిన మరొక విద్యార్థిని లేచి, అయితే మాదీ దండు దిగిన ఊరేనా అని అడిగింది. తరగతి నవ్వింది. ఈసారి ఆ నవ్వు ఎవరి మీదా కాదు.

ఆ సంవత్సరం పరీక్ష రుసుము పత్రం నింపే రోజున, గ్రామం అన్న గడిలో ఆమె పట్టపుపాళెం అని రాసి ఇచ్చింది. గుమాస్తా కాగితం మీద నుండి తల ఎత్తకుండానే, "ఏ పట్టపుపాళెం?" అని అడిగాడు. తీరం పొడవునా ఆ పేరు గల జనవాసాలు ఒకటి కాదు. ఆమె పత్రాన్ని వెనక్కు తీసుకొని, పక్కన కుండలీకరణంలో పాత అనాలో కొత్త అనాలో తేల్చుకోలేక ఒక క్షణం ఆగింది.